తెర మీద బాగుంది, మిషన్ మీద ముక్కలైంది

ప్రశ్న: అన్నా, నమస్తే. దేవరకొండలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో చేయడం బాగా అలవాటు. ఈ మధ్య లేజర్ కటింగ్ పనులు కూడా అడుగుతున్నారు. ఒకాయన కొత్త ఇంటికి ‘శ్రీ లక్ష్మీ నరసింహ నిలయం’ అని ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన షీట్) అక్షరాలతో నేమ్‌ప్లేట్ చేయమన్నారు. మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్లు బస్తాల మీద పేరు కొట్టుకునే స్టెన్సిల్ అడిగారు. రెండూ డిజైన్ చేసి కటింగ్ షాపుకు పంపితే, నేమ్‌ప్లేట్‌లో ఒత్తులు, తలకట్టు విడిగా ఊడొచ్చాయి, కొన్ని అక్షరాల మధ్యలోంచి కోతలు పడ్డాయి. స్టెన్సిల్‌లో సున్నలన్నీ పెద్ద బొక్కలయ్యాయి. వేరే డిజైనర్ పంపిన స్కూల్ లోగో బోర్డు రెండు అడుగులు ఉండాల్సింది అడుగున్నరే వచ్చింది. షీట్ల ఖర్చు నా మీదే పడింది. ‘ఫైల్ సరిగ్గా లేదు మేడమ్’ అంటారు తప్ప ఏం సరిగ్గా లేదో చెప్పరు. తెర మీద అంతా బాగానే ఉంది కదా! కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా? సొంతంగా చిన్న మిషన్ కొనుక్కోవడమే మేలా? సన్‌బోర్డు అక్షరాలు, రెక్సిన్ ఫైళ్ల మీద పేర్లు కూడా అడుగుతున్నారు, ఒప్పుకోవచ్చా?
— ఒక సోదరి, దేవరకొండ

జవాబు: చెల్లెమ్మా, ముందైతే పరేషాన్ కావద్దు. మీ చేతికి వచ్చిన కోరల్‌డ్రా చాలు. నల్లగొండలో నా మిషన్ దగ్గరికి వచ్చే ఫైళ్లలో సగానికి పైగా మీలాంటి డీటీపీ షాపుల నుంచి వచ్చేవే, వాటిలో తప్పులు కూడా దాదాపు ఇవే. ప్రింటింగ్‌లో బాగా పని తెలిసినవాళ్లే ఇక్కడ ఎక్కువ దెబ్బ తింటారు. ఎందుకంటే ‘తెర మీద బాగానే ఉంది కదా’ అనే మాట ఫ్లెక్సీకి చెల్లుతుంది, లేజర్‌కి చెల్లదు. ప్రింటర్‌కి మీరు చూసే రంగు కావాలి. కటింగ్ మిషన్‌కి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అదొక్కటే కావాలి.

కోరల్‌డ్రాలో వ్యూ మెనూలోకి వెళ్లి వైర్‌ఫ్రేమ్ నొక్కండి. రంగులు, నీడలు అన్నీ పోయి సన్నటి గీతలు మిగులుతాయి. మిషన్‌కి అందే ఫైల్ అదే. మీ నేమ్‌ప్లేట్ ఫైల్‌ని అలా తెరవండి. ‘లక్ష్మీ’ దగ్గర ఆగి చూడండి. అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు) కావు. అక్షరం ఒంటి భాగం, గుణింతం, ఒత్తు వేర్వేరు ముక్కలుగా వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. నలుపు మీద నలుపు పడితే ప్రింట్‌లో అతుకు తెలియదు. వైర్‌ఫ్రేమ్‌లో మాత్రం గుడి దీర్ఘం గీత అక్షరం ఒంట్లోకి చొచ్చుకుపోయి కనిపిస్తుంది. లేజర్ ఆ లోపలి గీత మీద కూడా నడుస్తుంది. మీ అక్షరాల మధ్యలోంచి కోత పడింది అందుకే.

దీనికి మందు వెల్డ్. ముందు టెక్స్ట్‌ని సెలెక్ట్ చేసి కంట్రోల్-క్యూ కొట్టి కర్వ్స్‌గా, అంటే ఉత్త గీతలుగా మార్చండి. తర్వాత ఒక్కో అక్షరానికి తగిలి ఉన్న ముక్కలన్నీ పట్టుకుని వెల్డ్ చేయండి. లోపలి గీతలు పోయి బయటి హద్దు ఒక్కటే మిగులుతుంది. చాలామంది ఇక్కడ కంట్రోల్-ఎల్ కొట్టి కంబైన్ చేస్తారు. అది వేరే పని: రెండు ముక్కలు కలిసిన చోట ఖాళీ ఏర్పడుతుంది, గీతలు అలాగే ఉంటాయి. ఇంకొందరు ముందు కంట్రోల్-కె కొట్టి అన్నీ విడదీసి, తర్వాత మొత్తం కలిపి వెల్డ్ చేస్తారు. అప్పుడు సున్న లోపలి ఖాళీ కూడా బయటి గుండ్రంలో కలిసిపోయి, సున్న కాస్తా బిళ్ల అవుతుంది. అందుకని విడదీయకుండానే వెల్డ్ చేయండి.

కర్వ్స్‌గా మార్చడం ఎలాగూ తప్పదు. మీ అను ఫాంట్ నా కంప్యూటర్‌లో లేకపోతే ‘శ్రీ’ స్థానంలో అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. కానీ ఒకసారి కర్వ్స్ అయ్యాక అక్షర దోషం దిద్దడానికి టెక్స్ట్ ఉండదు. అందుకే మార్చే ముందు కాగితం మీద ప్రింట్ తీసి, కస్టమర్ చేత చదివించి సంతకం పెట్టించుకోండి. పెళ్లి కార్డుకి ప్రూఫ్ చూపిస్తారు కదా, దీనికీ అంతే. మార్చకముందు ఫైల్‌ని వేరే పేరుతో దాచుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ రెండు ఆర్డర్లూ ఒకే రకం పని అనుకుని చేసినట్టున్నారు. నిజానికి అవి పూర్తిగా ఎదురెదురు పనులు. గీత గీసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: కోసిన తర్వాత గీతకు ఏ వైపు ముక్క మన చేతిలో మిగలాలి? నేమ్‌ప్లేట్‌లో అక్షరం మిగలాలి, చుట్టూ ఉన్న షీట్ పోవాలి. స్టెన్సిల్‌లో అక్షరం పోవాలి, షీట్ మిగలాలి. నేమ్‌ప్లేట్‌లో సున్న మధ్య బిళ్ల ఊడిపోవడం సరైనదే, రింగు మిగులుతుంది. స్టెన్సిల్‌లో అదే బిళ్ల ఊడిపోతే సున్న కాస్తా బొక్క అవుతుంది. ఫైల్‌లో గీతలు రెండిటికీ ఒకేలా ఉంటాయి కాబట్టి తెర మీద ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

నేమ్‌ప్లేట్ సంగతి చూద్దాం. వెల్డ్ చేసినా తెలుగు అక్షరాలు ఒక్క ముక్కగా రావు. హిందీలో పైన అడ్డగీత ఉంటుంది, మాటంతా దానికి వేలాడుతూ ఒకటిగా ఊడివస్తుంది. నెట్‌లో దొరికే నేమ్‌ప్లేట్ డిజైన్లలో చాలావరకు ఇంగ్లిష్ కలిపిరాతవో, హిందీవో. వాటిని చూసి మనం తెలుగులో చేయబోతే బోల్తా పడతాం. మీ పేరులోనే చూడండి: హ మీది తలకట్టు చాలా ఫాంట్లలో ఒంటికి అంటదు, క్ష్మీ కింద మ ఒత్తు విడిగా నిలుస్తుంది, సిం పక్కన, యం పక్కన సున్నలు ఏ దిక్కూ లేకుండా ఉంటాయి. ప, స, ష లాంటి వాటి తలకట్టుదీ ఇదే గొడవ. ఠ లోపలి చుక్క మరీ మోసకారి. అది ఊడిపోతే మిగిలేది ర. ‘విద్యాపీఠం’ బోర్డు ‘విద్యాపీరం’ అయి గోడెక్కుతుంది.

దీనికి నాకు నచ్చిన దారి రెండు పొరల ప్లేట్. అక్షరాలన్నీ వరసగా పెట్టి వెల్డ్ చేశాక, కంట్రోల్-ఎఫ్9తో కాంటూర్ తెరిచి బయటి వైపు 6 మి.మీ. ఇవ్వండి. ప్రతి ముక్క చుట్టూ 6 మి.మీ. హద్దు పెరుగుతుంది కాబట్టి 12 మి.మీ. కంటే దగ్గరగా ఉన్న ముక్కలన్నీ ఒకదానికొకటి కలిసిపోతాయి. ఒత్తు, తలకట్టు, సున్న అన్నీ ఆ ఒక్క మబ్బు ఆకారంలోకి వచ్చేస్తాయి. ఆ ఆకారాన్ని కింది పొరగా ఒక రంగులో, అక్షరాలను పై పొరగా ఇంకో రంగులో కోయించి అతికించండి. చూపుకీ బాగుంటుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే అక్కడ కాంటూర్ తెగుతుంది. అందుకని మాటల కింద ఒక సన్నటి పట్టీనో, తీగ డిజైనో పెట్టి కలిపి వెల్డ్ చేయండి. కింది పొరలో అక్షరాల మధ్య చిన్న చిన్న రంధ్రాలు పడితే వాటిని తీసేయండి. కోయడానికి టైమూ తగ్గుతుంది, దుమ్మూ చేరదు.

కస్టమర్‌కి విడి అక్షరాలే గోడ మీద కావాలంటే, కోసిన తర్వాత మిగిలిన షీట్‌ని పారేయకుండా తెచ్చుకోండి. దాన్ని గోడ మీద లెవెల్‌గా టేప్ వేసి నిలబెట్టి, ఆ ఖాళీల్లో ఒత్తులు, సున్నలు ఎక్కడివక్కడ జిగురుతో పెట్టి, ఆరాక షీట్ తీసేస్తే చాలు. లేకపోతే మ ఒత్తు ఎటు వంగాలో అని గోడ దగ్గర ముగ్గురు చేరి వాదించుకుంటారు. ఒకే పొర, ఒకే ముక్క కావాలని పట్టుబట్టేవాళ్లకు మాత్రం ఒత్తుకీ అక్షరానికీ మధ్య 3 మి.మీ. వెడల్పు వంతెన గీసి వెల్డ్ చేయాల్సిందే. అందం కొంత పోతుంది, ఆ మాట ముందే చెప్పండి.

స్టెన్సిల్‌కి ఇదంతా తిరగేసి ఆలోచించాలి. సున్నలో, ర లో, మూసుకుపోయిన ప్రతి లోపలి భాగంలో మధ్య ముక్క నిలబడాలంటే దానికి బయటి షీట్‌తో సంబంధం ఉండాలి. చిన్న దీర్ఘచతురస్రం గీసి, అక్షరం గీత మీద అడ్డంగా పెట్టి, ట్రిమ్ కొట్టి ఆ మేర గీతను తీసేయండి. ఒక్కో మధ్య ముక్కకి పైన ఒకటి, కింద ఒకటి, రెండు వంతెనలు. ఒకటే పెడితే బ్రష్ తగిలినప్పుడల్లా ముక్క పైకి లేస్తుంది. బస్తాల మీద కొట్టేవాళ్లు మెత్తగా కొట్టరు కాబట్టి 3 లేదా 4 మి.మీ. వెడల్పు ఉంచండి. వంతెనలన్నీ ఒకే వరసలో ఉంటే కళ్లు వాటిని పట్టించుకోవు. ఎండీఎఫ్‌లో స్టెన్సిల్ చేయించవద్దు. రంగు పీల్చుకుని అంచులు ఉబ్బుతాయి. పాలిస్టర్ షీట్ గానీ, సన్నటి అక్రిలిక్ గానీ అడగండి.

ఫాంట్ ఎంపిక సగం పని. కటింగ్‌కి మందపాటి, గుండ్రటి ఫాంట్ మేలు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర లాంటిది తీసుకోండి. అక్కడే ‘సురవరం’ అని ఒకటుంది, గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. పత్రికల కోసం చేసిన ఫాంట్, చదవడానికి హాయిగా ఉంటుంది. నేనైతే దాన్ని చెక్కడానికి వాడతాను, కోయడానికి కాదు. ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లు. మీది పాత కోరల్ వెర్షన్ అయితే యూనికోడ్ తెలుగు పేస్ట్ చేయగానే ఒత్తులు చెదిరిపోతాయి. అప్పుడు ఇంక్‌స్కేప్ వేసుకోండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు సరిగ్గా చూపిస్తుంది. అక్కడ టైప్ చేసి, ఆబ్జెక్ట్ టు పాత్ చేసి, యూనియన్ కొట్టి, పీడీఎఫ్‌గా తీసి కోరల్‌లోకి తెచ్చుకోవచ్చు. చిన్న అక్షరాలు చెక్కేటప్పుడు ఇంగ్లిష్‌కి 3 మి.మీ. ఎత్తు సరిపోతుంది గానీ తెలుగుకి 6 మి.మీ. కంటే తగ్గితే ఒత్తులు బూడిదలో కలిసిపోతాయి. నా దగ్గరికి వచ్చిన ఫైల్‌లో అంతకంటే తక్కువ కనిపిస్తే ఫోన్ చేసి అడుగుతాను.

ఇక డీటీపీ అలవాట్లు కొన్ని మానుకోవాలి. అక్కర్లేని భాగం మీద తెల్ల డబ్బా వేసి కప్పేయడం అందరికీ అలవాటే. మిషన్ ఆ డబ్బా కింద దాగిన గీతనీ కోస్తుంది, డబ్బా హద్దునీ కోస్తుంది. పవర్‌క్లిప్‌లో పెట్టి బయటి భాగం దాచినా, ఫైల్‌ని మార్చేటప్పుడు దాచిందంతా బయటపడుతుంది. పట్టుకుని ట్రిమ్ చేయండి, లేదా తీసేయండి. బార్డర్‌కి 3 మి.మీ. అవుట్‌లైన్ ఇస్తే తెర మీద మందంగా కనిపిస్తుంది గానీ మిషన్‌కి అది మధ్యలో ఒక్క గీతే. ఆ మందం నిజంగా కావాలంటే కంట్రోల్-షిఫ్ట్-క్యూ కొట్టి అవుట్‌లైన్‌ని ఆబ్జెక్ట్‌గా మార్చాలి. కోసే గీతలన్నిటికీ అవుట్‌లైన్ హెయిర్‌లైన్ (అన్నిటికంటే సన్నటి గీత), ఫిల్ ఏదీ వద్దు.

ఒక దోషం మాత్రం వైర్‌ఫ్రేమ్‌లో కూడా దొరకదు: గీత మీద గీత. కోరల్‌లో ప్లస్ బటన్ పొరపాటున తగిలితే ఉన్నచోటే ఇంకో కాపీ పడుతుంది. చూడ్డానికి ఒకటే, లేజర్ మాత్రం అదే దారిలో రెండోసారి నడుస్తుంది. అంచు మాడుతుంది, కోత వెడల్పవుతుంది, టైమ్ రెట్టింపవుతుంది. నిమిషాల లెక్కన తీసుకునే షాపులో ఆ పైసలు మీవే. మొత్తం సెలెక్ట్ చేసి కింద స్టేటస్ బార్‌లో ఎన్ని ఆబ్జెక్టులో చూడండి. మీ లెక్కకి మించి ఉంటే ఎక్కడో జంట ఉంది. మెమెంటోలు పక్కపక్కన ఆనించి పేర్చినప్పుడు కూడా మధ్య గీత ఇలాగే రెండుసార్లు పడుతుంది. లైట్‌బర్న్ (లేజర్ నడిపే సాఫ్ట్‌వేర్) వాడే ఆపరేటర్ అయితే ఆల్ట్-డి కొట్టి డూప్లికేట్లు తీసేస్తాడు, కానీ ఆయన ఓపిక మీద వ్యాపారం నడపలేం కదా. అలాగే గీత రెండు కొసలూ కలవని చోట చూడండి. కలవకపోతే ముక్క ఊడదు, చెక్కే పనిలో అయితే ఆ భాగం నిండదు.

స్కూల్ లోగో అడుగున్నర అయిందన్నారు. దాన్ని నేను చూడకుండానే చెప్పగలను: ఆ డిజైనర్ ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసి ఎస్‌వీజీ అనే గీతల ఫైల్ పంపి ఉంటాడు. ఆ ఫైల్‌లో కొలత పిక్సెళ్లలో ఉంటుంది. ఇలస్ట్రేటర్ అంగుళానికి 72 పిక్సెళ్లు లెక్కేస్తుంది. ఇంక్‌స్కేప్ లాంటివి అంగుళానికి 96 లెక్కేస్తాయి. 24 అంగుళాలను 72తో గుణించి 96తో భాగించండి, సరిగ్గా 18 వస్తుంది. ఇది తిరగబడితే రెండు అడుగులది 32 అంగుళాలవుతుంది. డీఎక్స్‌ఎఫ్ అనే ఇంకో రకం గీతల ఫైల్‌తో ఇంకో తమాషా ఉంది. అందులో అంకె వస్తుంది గానీ అది అంగుళమా, మిల్లీమీటరా అనేది చాలాసార్లు రాదు. 25.4 రెట్లు పెద్దగానో, చిన్నగానో తెరుచుకుంటుంది. అంత తేడా అయితే ఎవరైనా పట్టేస్తారు, 24కి 18 తేడానే ఎవరి కంటా పడదు. కాబట్టి ప్రతి ఫైల్‌లో ఒక మూల, వేరే రంగులో, సరిగ్గా 100 మి.మీ. చతురస్రం గీసి పెట్టండి, ‘ఇది కోయొద్దు, కొలవండి’ అని ఆపరేటర్‌కి చెప్పండి. మొత్తం సైజు మి.మీ.లలో మెసేజ్‌లో రాయండి.

రంగుల దగ్గర కూడా మీలాంటివాళ్లకు ఒక చిక్కు ఉంది. చాలా షాపుల్లో ఎరుపు గీత అంటే కోత, నీలం అంటే పైపైన గీత, నలుపు ఫిల్ అంటే చెక్కడం. షాపును బట్టి మారుతుంది, ముందే అడగండి. ప్రింటింగ్ కోసం మీ పాలెట్ సీఎంవైకేలో (నాలుగు సిరాల లెక్క) ఉంటుంది. అందులోని ఎరుపును మిషన్ సాఫ్ట్‌వేర్ అసలు ఎరుపుగా గుర్తించక ఇంకో లేయర్‌లో వేస్తుంది. ఆర్‌జీబీకి (తెర రంగుల లెక్క) మార్చి 255, 0, 0 అని అంకెలు కొట్టండి. వరస కూడా చెప్పండి: ముందు చెక్కడం, తర్వాత లోపలి రంధ్రాలు, చివర బయటి హద్దు. బయటి హద్దు ముందే తెగితే ముక్క కొంచెం జరుగుతుంది, ఆ తర్వాత పడే రంధ్రాలు పక్కకి పోతాయి.

మెమెంటోల ఆర్డర్లు తీసుకుంటే కెర్ఫ్ తెలియాలి. లేజర్ గీత వెంట కొంత పదార్థం ఆవిరైపోతుంది. ఆ వెడల్పే కెర్ఫ్. లెన్సు, మందాన్ని బట్టి సాధారణంగా 0.1 నుంచి 0.3 మి.మీ. దాకా ఉంటుంది. 3 మి.మీ. ప్లేట్ నిలబడటానికి బేస్‌లో 3 మి.మీ. గాడి గీస్తే అది 3.2 అవుతుంది, ప్లేట్ ఊగుతుంది. హెడ్‌మాస్టర్ గారి రిటైర్‌మెంట్ సభలో మెమెంటో వంగిపోతే బాగుండదు. కెర్ఫ్ 0.2 అయితే గాడి 2.8 గీయాలి. అదీ షీట్ నిజంగా 3 మి.మీ. ఉంటేనే. షాపువాడు 3 అన్న ఎండీఎఫ్ 2.7 కూడా ఉండొచ్చు. మందం కొలిచే వెర్నియర్ క్యాలిపర్ ఒకటి కొనుక్కోండి, ఏ సాఫ్ట్‌వేర్ కంటే కూడా అది మీకు ముందు కావాలి. కెర్ఫ్ ఎంతో ఆపరేటర్ చెప్పలేకపోతే, ఒక పట్టీని పక్కపక్కనే పది ముక్కలుగా కోయించండి. మొదటి గీతా, చివరి గీతా కలిపి పదకొండు కోతలు పడతాయి. ముక్కలన్నీ ఒక చివరకు నెడితే మిగిలిన ఖాళీని పదకొండుతో భాగించండి.

ఏ పనైనా మొత్తం షీట్ మీద పెట్టే ముందు దానిలో కష్టమైన ముక్క ఒకటి కోయించి చూడండి. మీ నేమ్‌ప్లేట్‌కి అయితే అది ‘క్ష్మీ’.

వాట్సాప్‌లో వచ్చిన లోగో ఫొటోలు ఒక తలనొప్పి. వాట్సాప్ ఫొటోని కుదిస్తుంది. అంచులు మసకబారిన ఆ బొమ్మను ట్రేస్ కొట్టి గీతలుగా మారిస్తే గీత వంకరటింకరగా వందల నోడ్లతో (గీత మలుపు చుక్కలు) వస్తుంది, మిషన్ ప్రతి నోడ్ దగ్గరా తడబడుతుంది. సన్నటి గీతను మామూలుగా ట్రేస్ చేస్తే దాని రెండు పక్కలా రెండు గీతలు పడతాయి. అలాంటి బొమ్మలకు కోరల్‌లో సెంటర్‌లైన్ ట్రేస్ వాడండి. స్కూల్ లోగో అయితే వాళ్ల డైరీలు ప్రింట్ చేసిన ప్రెస్‌లో అసలు ఫైల్ ఉండే ఉంటుంది, ఒక ఫోన్ చేస్తే సరిపోతుంది. అదీ దొరక్కపోతే ఫొటోని కింద పెట్టుకుని దాని మీద చేత్తో గీయండి. ట్రేస్‌ని దిద్దడం కంటే అదే తొందరగా అవుతుంది.

ఫొటోలు చెక్కించే పనికి వెక్టర్ (గీతల ఫైల్) అక్కర్లేదు. అసలు సైజులో 254 డీపీఐ బ్లాక్ అండ్ వైట్ బొమ్మ ఇస్తే, అంటే 0.1 మి.మీ.కి ఒక గీత పడేలా ఇస్తే చాలు. చెక్క మీద లేజర్ తగిలిన చోట నల్లబడుతుంది. నల్ల గ్రానైట్ మీద తగిలిన చోట తెల్లబడుతుంది, కాబట్టి సమాధి రాళ్ల మీద ఫొటోలకు బొమ్మను నెగెటివ్ చేయాలి. లైటు పెట్టే పారదర్శక అక్రిలిక్ మెమెంటోకి వెనక వైపు చెక్కుతారు, అక్షరాలను అద్దంలో చూసినట్టు తిప్పి పంపాలి. తిప్పారో లేదో ఫైల్ పేరులోనే రాయండి, లేకపోతే మీరొకసారి, ఆపరేటర్ ఇంకోసారి తిప్పి మొదటికొస్తుంది. అక్రిలిక్‌లో చెక్కే పనికి కాస్ట్ (అచ్చులో పోసిన) షీట్ అడగండి, తెల్లటి మంచులా పడుతుంది. ఎక్స్‌ట్రూడెడ్ షీట్ మీద చెక్కింది సరిగ్గా కనిపించదు.

సన్‌బోర్డు, రెక్సిన్ ఆర్డర్లు లేజర్‌కి ఒప్పుకోవద్దు. ఇందులో బేరం లేదు. సన్‌బోర్డు పీవీసీ అనే ప్లాస్టిక్, మార్కెట్‌లో దొరికే రెక్సిన్‌లో ఎక్కువభాగం పీవీసీ పూత ఉన్నదే. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, తడి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. ఊపిరితిత్తులకు చెరుపు, మిషన్ లోపలి ఇనుముకి తుప్పు. ఎవరైనా ‘మేం కోస్తాం’ అన్నా ఆ గదిలో నిలబడకండి. అనుమానం ఉన్న ప్లాస్టిక్‌ని పరీక్షించడానికి పాత పద్ధతి ఒకటుంది: రాగి తీగను ఎర్రగా కాల్చి ప్లాస్టిక్‌కి తాకించి, ఆ కొసను మళ్లీ మంటలో పెట్టి, మంట ఆకుపచ్చగా మారుతుందేమో చూడాలి. మారిందంటే క్లోరిన్ ఉన్నట్టే. గాలి ఆడే చోట, చిన్న ముక్కతో చేయండి. సన్‌బోర్డు అక్షరాలకు సీఎన్‌సీ రూటర్ (తిరిగే కత్తితో కోసే మిషన్) ఉన్న షాపును చూసుకోండి. ఏసీపీ (అల్యూమినియం పూత బోర్డు) షీట్లు కూడా అక్కడే. ఫైళ్ల మీద పేర్లకు స్క్రీన్ ప్రింటింగ్ ఉండనే ఉంది, మీ వ్యాపారానికి దగ్గర పని.

మిషన్ విషయం. చిన్న మిషన్లని ఆన్‌లైన్‌లో కనిపించేవి చాలావరకు డయోడ్ లేజర్లు, 450 నానోమీటర్ల నీలి కాంతి. అది పారదర్శక అక్రిలిక్ గుండా కిటికీలోంచి ఎండ వచ్చినట్టు దాటిపోతుంది, కోయదు. మన దగ్గర అక్రిలిక్ పనే ఎక్కువ. దానికి సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ వాయువు) లేజర్ కావాలి. దాని 10.6 మైక్రోమీటర్ల కిరణాన్ని అక్రిలిక్, చెక్క రెండూ పీల్చుకుంటాయి. దాన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారు చేసింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అని చాలామందికి తెలియదు. సీఓ2 మిషన్‌కి ట్యూబు చల్లబరిచే నీళ్లు, పొగ లాగే ఫ్యాను, గాలి పంపు, నిలకడైన కరెంటు అన్నీ కావాలి. పని జరుగుతున్నంతసేపూ ఒక మనిషి దగ్గరే ఉండాలి, ఎండీఎఫ్‌కి మంట అంటుకోవడం వింతేమీ కాదు. జిరాక్స్ కస్టమర్‌ని చూసుకుంటూ వెనక గదిలో లేజర్ నడపడం కుదరదు.

నా సలహా, ఒక ఏడాది ఫైళ్లు మాత్రమే చేయండి, కోత బయట ఇవ్వండి. ప్రతి ఆర్డర్‌కీ కోత ఖర్చు ఎంత, డిజైన్‌కి మీరు తీసుకున్నది ఎంత అని నోటుబుక్కులో విడిగా రాయండి. డిజైన్ డబ్బు విడిగా అడగడానికి మొహమాటపడకండి. ఆ లెక్క చూశాక కూడా కొనాలనిపిస్తే, మిషన్ ధర కంటే ముందు మీ షాపు వెనక గోడ చూడండి. ఎండీఎఫ్ పొగ ఘాటు మామూలుగా ఉండదు. గొట్టం ఎటు వదులుతారు, పక్కింటివాళ్లు ఏమంటారు అనేది తేలకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.